లోపలి జేబు

"ఇందులోనూ లేదు!" అంటూ అల్లుడు మూడో పెట్టె కూడా మంచం మీద బోర్లించాడు.

ఉన్ని మేజోళ్ళు, మనవరాలు బుడంకాయ గులాబీరంగు చేతి తొడుగులు, మందుల సంచి, విమానం టికెట్ల కాగితాలు, అన్నీ కుప్పగా పడ్డాయి. మంచుకొండల్లో సెలవులకి అద్దెకు తీసుకున్న ఆ రెండు గదుల ఇంట్లో ఇక తిరగేయడానికి ఏమీ మిగల్లేదు.

టైలరు మాస్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆ కుప్పకేసే చూస్తున్నారు. వాళ్ళు వెతుకుతున్న కార్డు ఆయన ఒంటిమీదే ఉంది. చొక్కా కింద తొడుక్కున్న బనీనుకి ఎడమవైపు ఆయన స్వయంగా కుట్టుకున్న లోపలి జేబులో. ఊపిరి పీల్చినప్పుడల్లా దాని అంచు రొమ్ముకి తగులుతోంది.

"కంగారు పడకండి, ఎక్కడో ఉంటుంది," అంది కూతురు. ఆ మాట అనడం అది నాలుగోసారి. అన్న ప్రతిసారీ గొంతు ఇంకాస్త సన్నబడుతోంది.

"ఎక్కడో ఉండటం కాదు, ఎవడి దగ్గరో ఉంది." అల్లుడు ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. "చూడు. నిన్న పొద్దున పదిన్నరకి డబ్బు తీశారు. కింద స్కీలు అద్దెకిచ్చే షాపు పక్కన ఏటీఎం ఉంది చూడు, అందులోంచి. ఈ కొండల్లో మన ఫోన్లు పనిచేసి చావవు కదా. ఇప్పుడు వైఫై వచ్చింది కాబట్టి మెసేజీ వచ్చింది, లేకపోతే ఇంటికెళ్ళేదాకా తెలిసేదే కాదు."

అల్లుడు పళ్ళ డాక్టరు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు ఉలిక్కిపడకుండా మెల్లగా మాట్లాడటం అలవాటైన మనిషి. అతను ఇంత గట్టిగా అరవగలడని మాస్టారికి పెళ్ళయిన ఈ పదేళ్ళలో తెలియదు.

"అది కూడా ఎలా తీశాడో చూడు! 'మీ దేశం డబ్బులో లెక్క కట్టమంటారా' అని మెషీన్ అడిగితే, ఎంచక్కా అవునని నొక్కాడు. బయల్దేరే ముందు అందర్నీ కూర్చోబెట్టి చెప్పానా లేదా? ఆ ప్రశ్న వస్తే వద్దనండి, ఇక్కడి డబ్బులోనే తియ్యండి, లేకపోతే వాళ్ళకి తోచిన రేటు వేసి వాయించేస్తారు అని! తెలిసినవాడెవడూ అది నొక్కడు. దొంగ కాబట్టి నొక్కాడు. వాడి సొమ్మేం పోయింది?"

మాస్టారికి చెవులు వేడెక్కాయి.

అల్లుడు చెప్పినప్పుడు ఆయన విన్నారు. తల కూడా ఊపారు. కానీ నిన్న ఆ మెషీన్ ముందు నిలబడేసరికి వెనక అరడజనుమంది వరసకట్టారు. కళ్ళజోడు మీద ఆవిరి పట్టింది. తెరమీద ఏదో ప్రశ్న, దాని కింద రెండు గళ్ళు. ఒకటి బూడిదరంగు, ఒకటి ఆకుపచ్చ. పచ్చది మంచిదే అయ్యుంటుందనుకుని నొక్కేశారు.

ఆయనకీ ఒక కార్డు ఉంది. "ఎక్కడైనా పనిచేస్తుందండీ" అని బ్యాంకులో పిల్ల చెప్పింది. ఎక్కడైనా అంటే సముద్రాలు దాటినా అని ఆయన అర్థం చేసుకున్నారు. విదేశాల్లో వాడాలంటే ముందే బ్యాంకుకి చెప్పి ఆ వీలు తెరిపించుకోవాలని ఆ పిల్ల చెప్పలేదు, ఈయన అడగలేదు. మొదటిరోజు మంచుబూట్ల అద్దె కట్టబోతే, కౌంటరులో మనిషి రెండుసార్లు ప్రయత్నించి, నవ్వుతూ కార్డు వెనక్కిచ్చేసింది.

"ఉండనీండి మామయ్యగారూ, మీకెందుకు," అంటూ అల్లుడు తన కార్డు అందించాడు.

ఆ తర్వాత కొండెక్కించే లిఫ్టు పాసుకీ అదే మాట. కోటు అద్దెకీ అదే మాట. చివరికి దారిలో కప్పు టీకి కూడా. మంచి మాటే, మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్న మాటే. కానీ రోజుకి పదిసార్లు వింటుంటే, భుజాలు వాటంతటవే కుంగిపోయేవి. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ జేబులు కుట్టినాయన, నాలుగు రోజులుగా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగారు.

కూతురు అది కనిపెట్టింది. నిన్న పొద్దున మెట్ల మలుపులో, పెట్టెలో ఉండే అల్లుడి రెండో కార్డు తెచ్చి చేతిలో కుక్కి, నాలుగంకెలు చెవిలో చెప్పింది.

"పైన కొండమీద హోటల్లో కార్డులు తీసుకోరట నాన్నా, నోట్లే కావాలిట. ఇవాళ నువ్వు కట్టు. ఆయనతో అనకు. సాయంత్రం తెచ్చి నాకిచ్చెయ్యి, పెట్టెలో పెట్టేస్తాను."

నిన్న కొండమీద ఆయన నోట్లు తీసి, ఐదుగురికీ సూపూ రొట్టే ఇప్పించారు. వియ్యపురాలు చెంచా పక్కన పెట్టి, "అన్నయ్యగారు ఇప్పించిన సూపు కాబట్టి ఇంత బాగుంది, మా వాడు ఇప్పించేవన్నీ చప్పగా ఉంటాయి" అని నవ్వించింది. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆయనకి ఆకలేసింది.

సాయంత్రం కార్డు ఇవ్వడానికి కూతురు ఒంటరిగా చిక్కలేదు. ఇవాళ పొద్దున ఇవ్వొచ్చులే అనుకున్నారు. ఇవాళ పొద్దునే మెసేజీ వచ్చింది.

"మనం కాక ఈ ఇంట్లో అడుగు పెట్టేవాళ్ళు ఎవరున్నారు?" అంది వియ్యపురాలు, పడ్డ బట్టలు మడతపెడుతూ. "రోజూ పొద్దున పక్కలు సర్దడానికి వచ్చే ఆవిడ తప్ప."

ఆవిడ మామూలుగానే అంది. ఎవరిమీదా నేరం మోపాలని అనలేదు. కానీ అల్లుడి చేతులు పెట్టెమీదే ఆగిపోయాయి.

"అమ్మా! అదీ మాట. మనం కొండమీదికెళ్ళాక తాళంచెవి ఉండేది ఆవిడ దగ్గరేగా."

"ఛ, ఆవిడ అలాంటిది కాదు," అంది కూతురు గబుక్కున.

"నీకెలా తెలుసు?"

కూతురు తండ్రికేసి ఒక్కసారి చూసింది. చూసి, అరచేయి కనిపించీ కనిపించనట్టు కిందికి దించింది. చిన్నప్పుడు తల్లి కోపంగా ఉన్నప్పుడు 'నువ్వు మాట్లాడకు నాన్నా' అని చెయ్యి అలాగే దించేది.

మాస్టారు నోరు మూసుకున్నారు.

తర్వాత ఎన్నిసార్లు తల్చుకున్నా, ఆ క్షణంలో కూతురి చెయ్యి అడ్డం పెట్టుకుని తప్పించుకున్నది తనేనని ఆయనకి తోస్తూనే ఉంది. ఆమె చెయ్యి దించకపోయినా ఆయన మాట్లాడేవారా? ఏమో.

అల్లుడు కిందికి ఫోను చేశాడు. పది నిమిషాల్లో తలుపు చప్పుడైంది.

ముందు ఆ అద్దె ఇళ్ళు చూసుకునే మేనేజరు వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని కోటులో. వెనక గదులు సర్దే ఆవిడ. యాభై దాటిన మనిషి. నీలం రంగు గౌను, మోచేతులదాకా మడిచిన చేతులు. బకెట్టు గుమ్మం బయటే పెట్టి, కాళ్ళు పట్టాకి తుడుచుకుని లోపలికొచ్చింది. వాళ్ళకీ వీళ్ళకీ కలిసే భాష ఇంగ్లీషొక్కటే. ఆవిడకి అది ముక్కలు ముక్కలుగా వచ్చు. మాస్టారికీ అంతే.

అల్లుడు మర్యాదగానే మొదలుపెట్టాడు. "ఎవరినీ అనుమానించడం లేదు. కార్డు పోయింది. ఈ గదిలో మీకేమైనా కనబడిందా అని అడుగుతున్నాను."

ఆవిడ మేనేజరుకేసి చూసింది. మేనేజరు వాళ్ళ భాషలో రెండు ముక్కలు అన్నాడు. ఆవిడ మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

"నన్ను అడిగేది అదేనా?" అంది.



ఆవిడ భుజాన ఉన్న సంచి తీసి, బల్లమీద తలకిందులు చేసింది. చెయ్యమని ఎవరూ అనలేదు. ఒక జత చేతి తొడుగులు. మాత్రల అట్ట. బస్సు పాసు. కాగితంలో చుట్టిన రొట్టె. పళ్ళు విరిగిన దువ్వెన. ఆఖర్న, ఇంకేమైనా ఉందేమో చూడండన్నట్టు, సంచి లోపలి గుడ్డని బయటికి లాగి చూపించింది. ఆ గుడ్డకి ఒక మూల చిరుగు. తెల్ల గుడ్డకి నల్లదారంతో, పెద్దపెద్ద కుట్లు వేసి ఉన్నాయి.

మాస్టారి కళ్ళు ఆ కుట్లమీదే నిలిచాయి. మొహమెత్తితే ఆవిడ చూపు తగులుతుందని భయం. అయినా ఎత్తారు. ఆవిడ ఆయనకేసే చూస్తోంది. గదిలో ఐదుగురుండగా, ఆయనకేసే.

గుండెలమీద కార్డు బరువు ఇటుకంత అయింది. 'ఇప్పుడు చెప్పు' అనుకున్నారు. 'ఇప్పుడు' అనుకున్నారు మళ్ళీ.

ఆవిడ రొట్టె, దువ్వెన, మాత్రలు, ఒక్కొక్కటీ తీసి సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఇది తేలేవరకూ ఈమెని పనిలోంచి పక్కన పెడతాం సార్," అన్నాడు మేనేజరు. "మీరు రాసివ్వండి చాలు."

తలుపు మూసుకుంది. బకెట్టు తీసుకెళ్ళిన చప్పుడు కూడా వినిపించింది.

"పాపం," అంది వియ్యపురాలు. "తీసిన మనిషిలా లేదురా."

"తీసినవాళ్ళు తీసినట్టుంటారా అమ్మా?" అల్లుడు అప్పటికే వైఫై మీద బ్యాంకుకి ఫోను కలుపుతున్నాడు. వాళ్ళడిగినవన్నీ చెప్పాడు. కార్డు ఆపెయ్యమన్నాడు. అవతలివాళ్ళు ఏదో అన్నారు. "పోలీసు కంప్లెయింటు కాపీ కావాలా? సరే, ఇప్పుడే వెళ్తాను. అనుమానితురాలి వివరాలు కూడా ఇస్తాను."

అతను కోటు తొడుక్కున్నాడు.

"బాబూ," అన్నారు మాస్టారు.

ఎవరికీ వినబడలేదు. ఆయనకే వినబడలేదేమో. లేచి నిలబడి, చొక్కా పైగుండీలు మూడు విప్పారు.

"మామయ్యగారూ, ఏమైంది? గుండెలో ఏమైనా..."

మాస్టారు బనీను లోపలి జేబులోంచి కార్డు తీసి బల్లమీద పెట్టారు. పక్కనే మిగిలిన నోట్లు కూడా.

"నేనే తీశాను బాబూ. పెట్టెలోంచి. ఎవరికీ తెలియకుండా."

బుడంకాయ పక్కగదిలో బొమ్మలతో ఏదో మాట్లాడుకుంటోంది.

అల్లుడు కార్డుకేసి, మామగారికేసి, మళ్ళీ కార్డుకేసి చూశాడు. కోపం రావలసిన చోట అతని మొహంలో ఏదో తికమక కనిపించింది.

"పిన్ను ఎవరు చెప్పారు మామయ్యగారూ?"

మాస్టారు ఆ సంగతి ఆలోచించలేదు. అబద్ధం ఆడటం కూడా సరిగ్గా చేతకాలేదు.

"నేను," అంది కూతురు. మంచం అంచున కూలబడింది. "నేనే ఇచ్చాను. నేనే చెప్పాను."

"ఎందుకు?"

"నాన్న కూడా ఒక్కరోజు బిల్లు కట్టాలని."

"నన్నడిగితే ఇవ్వనా? ఏనాడైనా కాదన్నానా?"

"అనలేదు. అడగాలి కదండీ. అదే."

అల్లుడు కోటు విప్పి కుర్చీమీద పడేశాడు. "అంటే నిన్న మా మామగారు ఊళ్ళోనే మార్చి తెచ్చుకున్న నోట్లతో భోజనం పెట్టించారని నేను పొంగిపోతుంటే, నీలో నువ్వు నవ్వుకున్నావన్నమాట."

"నవ్వుకోలేదు."

"నా డబ్బుతో నాకే..." అని ఆగిపోయాడు. ఆ 'నా డబ్బు' అన్న మాట గదిలో అందరికీ తగిలింది, అన్నవాడికి కూడా. అతను తల తిప్పేసుకున్నాడు. "ఆవిడ సంచి బోర్లించింది. నువ్విక్కడే ఉన్నావు. చూస్తూ ఊరుకున్నావు."

"ఇంతదాకా వస్తుందని అనుకోలేదు," అంది కూతురు. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే గడ్డందాకా జారాయి.

"నా నోటికి తాళం పడా," అంది వియ్యపురాలు. "ఆవిడ పేరు ఎత్తింది నేను. మీరూ మీరూ తర్వాత పోట్లాడుకోండి. ముందు ఆవిడ సంగతి చూడండ్రా."

అప్పటికే మాస్టారు తలుపు దగ్గరున్నారు. అద్దె బూట్లలో కాళ్ళు దూర్చి, కట్లు కూడా బిగించకుండా మెట్లు దిగారు.

కింద కౌంటరు దగ్గర మేనేజరు లేడు. దుప్పట్లు మోసుకెళ్తున్న ఒక పనిమనిషిని అడిగితే, బయట బస్సు ఆగేచోటు చేత్తో చూపించి, ఈయన్ని ఎగాదిగా చూసింది.

రోడ్డుకి రెండువైపులా మంచు నడుమెత్తున గట్టుకట్టి ఉంది. రంగురంగుల కోట్లవాళ్ళు భుజాన స్కీలు వేసుకుని నవ్వుకుంటూ పోతున్నారు. మాస్టారు రెండుసార్లు జారి, ఒకసారి చెయ్యి ఆన్చి లేచారు. బస్సు షెడ్డులో గదులు సర్దే ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. గౌను మీద పాత నల్లకోటు వేసుకుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దానిమీద ఉంచింది.

ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డారు. దారిపొడుగునా కూడబలుక్కున్న ఇంగ్లీషు ముక్కలన్నీ ఎగిరిపోయాయి.

"కార్డు... నా దగ్గర," అన్నారు గుండెమీద చెయ్యి వేసుకుని. "ఇక్కడ. నా దగ్గర ఉంది. మీ తప్పు లేదు."

ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"క్షమించండి," అన్నారు. అది చాలదనిపించి చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఖాళీ జేబు. మిగిలిన నోట్లు బల్లమీద పెట్టి వచ్చారు. పెట్టి రాకపోయినా అవి ఆయనవి కావు. ఈ మనిషికి ఇవ్వడానికి తనదంటూ ఏమీ లేదు. చేతిని అలాగే బయటికి తీసుకున్నారు.

"సంచి," అంది ఆవిడ. మాటలకోసం తడుముకుంది. "నేను సంచి ఇలా చేశాను." చేత్తో బోర్లించినట్టు చూపించింది. "అప్పుడు మీకు తెలుసు."

ఆయన నేలచూపులు చూశారు.

"తెలుసా?"

"తెలుసు."

ఆవిడ తల ఊపింది. ఎవరో బస్సు టైము చెబితే ఊపినట్టు.

"ఇరవై రెండేళ్ళు ఇక్కడ. ఎప్పుడూ లేదు ఇలా." కాస్త ఆగి, "అక్కడ అందరూ చూశారు నన్ను. మీరు ఇక్కడ చెప్తున్నారు. ఇక్కడ ఎవరు ఉన్నారు?" అంది.

షెడ్డు ఖాళీగా ఉంది. మాస్టారు చుట్టూ చూసి, ఆవిడ అడిగింది అర్థమై, "రండి," అన్నారు. "అక్కడే చెప్తాను. అందరి ముందు."

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ లేచి నిలబడింది గానీ ఎటు అడుగు వేస్తుందో తేలలేదు. రమ్మని బతిమాలే అర్హత కూడా తనకి లేదనిపించి, మాస్టారు ముందుకి తిరిగి నడవడం మొదలుపెట్టారు. వెనక బస్సు తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. ఆయన తిరిగి చూడలేదు.

కౌంటరు ముందు ఇప్పుడు నలుగురైదుగురున్నారు. దుప్పట్ల మనిషి, ఇంకో ఇద్దరు పనివాళ్ళు, మేనేజరు. అల్లుడు కౌంటరుమీద మోచెయ్యి ఆన్చి, కార్డు చేత్తో పట్టుకుని, తన మామూలు మెత్తని గొంతుతో చెబుతున్నాడు.

"మా సామాన్లలోనే ఉండిపోయింది. కోటు మడతలో ఇరుక్కుంది. మాదే పొరపాటు, చాలా సారీ. డబ్బు కూడా నేనే తీసి మర్చిపోయాను. ఆవిణ్ణి పనిలోకి పిలిచెయ్యండి."

మేనేజరు నవ్వాడు. "అయ్యో, పర్లేదు సార్. సెలవుల్లో ఇలాంటివి మామూలే."

అల్లుడు మామగారిని చూశాడు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో కోపం ఇంకా ఉంది, జాలి కూడా ఉంది.

"అయిపోయింది మామయ్యగారూ," అన్నాడు తెలుగులో, గొంతు తగ్గించి. "నేను చెప్పేశాను. మీ పేరు రానివ్వలేదు. పైకి పదండి. ఇక ఈ మాట ఎత్తద్దు."

మళ్ళీ అల్లుడే కట్టాడు. ఈసారి తన పరువుతో.

మాస్టారి కాళ్ళు మెట్లవైపు ఒక అడుగు వేశాయి. ఎంత తేలిగ్గా వేశాయో ఆయనకే సిగ్గేసింది. అంతలో వెనక అద్దాల తలుపు తోసిన చప్పుడు. చలిగాలి వీపుకి తగిలింది. దుప్పట్ల మనిషి చేతిలో పని ఆపి, గుమ్మంలో నిలబడ్డ నల్లకోటుకేసి చూసింది.

మాస్టారు అల్లుడి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నారు.

"కాదండీ," అన్నారు మేనేజరుతో, వచ్చీరాని ఇంగ్లీషులో, అక్కడున్న అందరికీ వినబడేలా. "ఆయన చెప్పింది అబద్ధం."